ఇద్దత్‌లో వచ్చిన బతుకమ్మ

నా భర్త పోయిన రెండో నెలలో సమ్మె మొదలైంది. తెలంగాణ ఇస్తేనే పనిలోకి వస్తామని బస్సుల వాళ్లు, బడి పంతుళ్లు, బొగ్గుబావుల వాళ్లు, ఆఫీసుల వాళ్లు అందరూ ఒక్కసారే పని ఆపేశారు. వాడలో వాళ్లకు అదొక వింతగా ఉండేది. నాకు లేదు. అప్పటికే నేను గడప దాటక నలభై రోజులు అయింది. ఊరు ఇప్పుడు ఆగింది, నేను ముందే ఆగాను, అంతే తేడా.

మా ఆయన సిరిసిల్లలో సాంచాలు బాగుచేసేవాడు. సాంచె అంటే మా దగ్గర కరెంటు మగ్గం. రంజాన్ నెల మొదట్లో ఒక పొద్దున, ఒక కార్ఖానాలో సాంచె కింద దూరి బోల్టు బిగిస్తూ ఛాతీ పట్టుకున్నాడట. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆయనకు ముప్పై ఆరు. నాకు ఇరవై తొమ్మిది. మా పాపకు ఏడు.

మాలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. మరీ అవసరం పడితే తప్ప ఇల్లు కదలకూడదు. గాజులు, కాటుక, అత్తరు, రంగుల బట్టలు ఉండవు. బయటి మగవాళ్లకు ఎదురు పడకూడదు. నన్నెవరూ బలవంతంగా కూర్చోబెట్టలేదు. ఆయన కోసం నేను ఇంక చేయగలిగింది ఇదొక్కటే అని నేనే నమ్మి కూర్చున్నాను. కానీ నమ్మకం వేరు, నాలుగు గోడలు వేరు. మొదటి నెల ఏడుపులో గడిచింది. రెండో నెలలో కళ్లు ఎండాక గోడలు కనిపించడం మొదలైంది.

రెండు గదులు, ముందు చిన్న వాకిలి, వెనక పెరడు. ఇంట్లో నేను, మా అత్త, పాప. నేను బీడీలు చేసేదాన్ని. ఇద్దత్‌లో కూడా అత్త ఆకు, తంబాకు తెచ్చి ముందర పెడితే పొద్దుపోయేది. సమ్మెతో బీడీ కార్ఖానా కూడా మూతపడింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. వాడలో సాంచాలన్నీ నిలిచిపోయాయి. పెళ్లయి కోరుట్ల నుంచి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు తలనొప్పి వచ్చేది నాకు. ఇప్పుడు అది లేకపోయేసరికి పక్కింట్లో గిన్నె పడ్డా ఉలిక్కిపడేదాన్ని.

మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అయితే నేను చదివింది తెలుగు బడి, బతికింది తెలుగు వాడ. ఇప్పుడు రాస్తుంటే అత్త మాటలు కూడా మా సిరిసిల్ల తెలుగులోనే వస్తున్నాయి. పెళ్లయిన రోజు నుంచి ఆమె నన్ను ‘దుల్హన్’ అని పిలిచేది. మా వాళ్లలో కోడలిని అలాగే పిలుస్తారు. కొడుకు పోయాక ఆ మాట ఆమె నోట రాలేదు. పెళ్లికూతురా అని ఇంక ఎలా పిలుస్తుంది? కొన్నాళ్లు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. “ఇగో,” అనేది. “ఇగో, అన్నం తిను.” ఆ తర్వాత మెల్లగా ‘బేటీ’ అనడం అలవాటు చేసుకుంది.

ఇరవై ఏళ్లుగా అత్త అంగడికి పోయింది లేదు. కొడుకు తెచ్చేవాడు, లేకపోతే నేను తెచ్చేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుంటూ ఆమే కూరగాయలకు పోయేది. నేను తలుపు వెనక నిలబడి ఎదురుచూసేదాన్ని. వచ్చాక సంచి కింద పెట్టి బజారు సంగతులు చెప్పేది. “చౌరస్తాల టెంటు ఏసిండ్రు. టీచర్లందరు దండలేసుకోని కూసున్నరు. మన పాప సారు గూడ ఉన్నడు, ఉపాసమట.” నాకు బయటి ప్రపంచం అంటే అత్త సంచిలో పడి వచ్చినంతే.

వానలు వెనకబడ్డాయి. పొద్దున రేకుల మీద మంచు తడి, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రం మళ్లీ చల్లగాలి. బతుకమ్మ రోజులు దగ్గరికొస్తున్నాయని పంచాంగం చూడకుండానే తెలిసేది. పెరట్లో గోడ పక్కన ఎవరూ విత్తకుండానే గునుగు మొలిచి తెల్లబడింది. బాత్రూం రేకుల మీద అత్త పాకించిన గుమ్మడి తీగ పసుపుపచ్చగా పూసింది. ప్రతి ఏడూ ఆ పూలు మావి కావు. పక్కింటి అక్కవి.

పక్కింటి వాళ్లు నేతవాళ్లు. నాలుగు సాంచాలు ఉండేవి. ఆ అక్క నాకంటే పదేళ్లు పెద్దది, నాలాగే బీడీలు కూడా చేసేది. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, తెల్లారకముందే ఆ గోడ మీద ఒక తట్ట ప్రత్యక్షమయ్యేది. “చెల్లె, లేసినవా?” అనే కేక వచ్చేది. నేను ఇటువైపు నుంచి గుమ్మడి పూలు, ఆకులు, గునుగు తెంపి తట్ట నింపేదాన్ని. సాయంత్రం బతుకమ్మ పేర్చాక చూపించడానికి తెచ్చేది. పాపను వెంట తీసుకుపోయేది. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పులిహోర లాంటి సద్దులు, రొట్టె బెల్లం కలిపిన మలీద పంపేది.

ఆ ఏడు ఎంగిలిపూల రోజు గోడ మీద తట్ట రాలేదు.

రెండో రోజూ రాలేదు. గుమ్మడి పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునేవి. తీగ మీదే వడలి వేలాడేవి. ఇంకేం పని లేదు కనుక నేను వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. అటువైపు పూలు కట్టే దారం చప్పుడు కూడా వినపడేంత దగ్గర. చావు జరిగిన ఇల్లు అని మొహమాటపడుతోందా? లేక భర్త లేనిదాని చేతి పూలు గౌరమ్మకు పనికిరావా? ఏదో ఒకటి తెలిస్తే చాలు అనిపించేది. తెలియక చస్తున్నాను.

మూడో రోజు అక్క బట్టలు ఆరేస్తుంటే నేనే గోడ దగ్గరికి పోయాను.

“అక్కా, పూలు తెంపుకపోతలేవేంది?”

ఆమె చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. “నువ్వే గిట్ల కూసున్నవు. ఏ మొహం బెట్టుకోని అడగాలె చెల్లె?”

“గంతేనా?”

“గంతే.”

“నా చేతి పూలు వద్దని గాదా?”

ఆమె చీరను తీగ మీద వేసింది. అంచు సరిచేసింది. ఇంకోసారి సరిచేసింది. “నీకు అబద్ధం చెప్ప. మా అత్త అద్దన్నది,” అంది. “ఈ ఒక్క ఏడు అద్దన్నది. నేను అనలే చెల్లె. నీ మీద ఒట్టు.”

నేను లోపలికి వచ్చేశాను. ఏడుపు రాలేదు. మా మతంలో లేని మైల నాకు ఎందుకు తగలాలి అని లోపల లోపల వాదించుకున్నాను. అయినా తగిలింది. ఆ మాటలు మా అత్త విననే విన్నది. వంటింట్లో నుంచి పెరట్లోకి వచ్చి, గోడకేసి తిరిగి, నా జీవితంలో ఎన్నడూ విననంత గట్టిగా అంది:

“ముప్పై ఏండ్ల సంది నా తీగ పూలే గదా తీసుకపోయింది! నేనేమన్న ముత్తైదునా? నా మొగడు సచ్చినంక బెట్టిన తీగనే గిది!”

 అటువైపు ఎవరో తలుపు దగ్గరగా వేసుకున్నారు. అత్త చెంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చి పప్పు గిన్నె దించింది. ఆ తర్వాత ఇద్దరం ఆ సంగతి మాట్లాడలేదు.

మర్నాడు తెల్లారి గోడ మీద తట్ట ఉంది. కేక లేదు. అక్కే గోడ దాటి వచ్చి, తలెత్తకుండా, తానే తెంపుకుని పోయింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. కోరుకున్నదే జరిగింది. కానీ సంతోషం కలగలేదు. అడిగి తెచ్చుకున్న మర్యాద అన్నం మెతుకులా గొంతులో ఆగింది.

అమ్మ వస్తానని అంతకుముందే మాటిచ్చింది. కోరుట్లలో ఒక్కతే ఉండేది. మా తమ్ముడు దుబాయిలో ఉన్నాడు. సద్దుల నాటికి నా దగ్గర ఉండాలని బయలుదేరింది. బస్సులు లేవని చెప్తే వినలేదు. ఆటోలు మారుతూ జగిత్యాల దాకా వచ్చి ఫోన్ చేసింది.

“బిడ్డా, జగిత్యాల దాకైతే అచ్చిన. ఈడికెల్లి ఏ బండీ పోతలేదు. రోడ్డు మీద పొయ్యిలు బెట్టి వంటలు జేస్తున్నరు. నన్ను గూడ తినుమన్నరు.”

“మరి ఎనుకకు పో అమ్మా.”

“ఎనుకకు పోనీకి గూడ బండి లేదు బిడ్డా. పిన్ని ఇంటికి నడుసుకుంట పోతున్న.”

అలా అమ్మ జగిత్యాలలో చెల్లెలి ఇంట్లో చిక్కుకుపోయింది. ఒక రోజు అనుకున్నది మూడు వారాలు దాటింది. కరెంటు ఉన్నప్పుడు ఫోన్ చార్జింగ్ పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లం. నేనెట్ల ఉన్నానని ఆమె, ఆమె ఎట్ల ఉందని నేను. చెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ ఉండేది కాదు. ఒకసారి అమ్మ, “నువ్వు అల్లా కోసం కూసున్నవు, నేను తెలంగాణ కోసం కూసున్న,” అంది. అప్పుడు మొదటిసారి నవ్వు వచ్చింది. నవ్వినందుకు వెంటనే భయం వేసింది.

బడి లేక పాపకు పిచ్చెక్కినట్టు ఉండేది. రోజూ సాయంత్రం వాకిట్లో గొంతుక్కూర్చుని, తలుపు సందులోంచి బతుకమ్మలు పోవడం చూసేది. “అమ్మా, నేను పోనా?” అనేది. “ఈ ఏడు అద్దు,” అనేది అత్త. “మీ అబ్బ పోయి రెండు నెలలు గాలే. మంది ఏమనుకుంటరు?” పాప మళ్లీ అడిగేది కాదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. ఏడేళ్ల పిల్ల, మంది ఏమనుకుంటారో అప్పుడే నేర్చుకుంటోంది.

సద్దుల రోజు సాయంత్రం అత్త బీపీ గోళీల కోసం పోయింది. ఆటోలు లేవు, నడిచిపోయి నడిచి రావాలి. నేను అసర్ నమాజు చేసి లేచి చూస్తే వాకిట్లో పాప లేదు. తలుపు గొళ్లెం తీసి ఉంది. పెరట్లో చూశాను. బాత్రూంలో చూశాను. గోడ మీద నుంచి “అక్కా!” అని పిలిచాను. ఆ ఇంటికి తాళం. వాడలో ఆడవాళ్లందరూ పోయినట్టున్నారు, ఎవరూ పలకలేదు. ఫోన్ చేద్దామంటే పొద్దున్నుంచీ కరెంటు లేక అది చచ్చిపోయి ఉంది.

గడప దగ్గర నిలబడ్డాను. దూరం నుంచి డప్పులు, చప్పట్లు, జై తెలంగాణ కేకలు వినిపిస్తున్నాయి. పెద్ద రోడ్డు, లారీలు, చీకటి పడితే మానేరు ఒడ్డున జనం. అత్త రావడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు. ఇది అవసరమా కాదా అని అడగడానికి ఎవరూ లేరు. బురఖా వేసుకుని, తలుపు దగ్గరికి లాగి, బయటికి నడిచాను.

రెండు నెలల తర్వాత వీధి కొత్తగా ఉంది. కరెంటు స్తంభానికి జెండాలు, మూసిన షట్టర్లు, మలుపు దగ్గర తారు మీద టైరు కాలిన నల్లటి మచ్చ.  పాప ఏమైందో అన్న భయం ఒకవైపు. ఇంకోవైపు, సిగ్గుతో చెప్తున్నాను, మొహం మీద ముసుగులోంచి చల్లగాలి తగిలితే ఎంత హాయిగా ఉందో.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా బతుకమ్మలు పెట్టారు. రెండు వైపులా లారీలు నిలిచిపోయి ఉన్నాయి. డ్రైవర్లు దిగి బానెట్లకు ఆనుకుని చూస్తున్నారు. వందలమంది ఆడవాళ్లు వలయాలు వలయాలుగా తిరుగుతున్నారు. ఎక్కడని వెతకను? ఒక్కో వలయం దగ్గర ఆగి మొహాలు చూస్తూ పోయాను. నాలుగో దానిలో కనిపించింది. పక్కింటి అక్క పక్కన, వంగి లేస్తూ, చప్పట్లు తప్పుగా కొడుతూ. పాత పచ్చగౌను వేసుకుంది. అది ఎప్పుడు మార్చుకుందో నాకు తెలియదు.

నన్ను నడకను బట్టి అక్క గుర్తుపట్టింది. వలయం వదిలి పరుగున వచ్చింది.

“చెల్లె! నువ్వెట్ల అచ్చినవే?”

“పిల్ల కనవడకపోతే ఏం జెయ్యాలె?”

“నా ఎనుకనే అచ్చింది. సగం తొవ్వల సూసిన. తోల్కచ్చి నీకు జెప్పాలనుకున్న. మీ ఇంటికి రానీకి మొహం చెల్లలే.” ఆమె చేతులకు పసుపు ఉంది. నా చెయ్యి పట్టుకోబోయి ఆగింది. తర్వాత పట్టుకుంది. “తప్పయింది చెల్లె. తీసుకపో.”

పాప నన్ను చూసి మొహం చిన్నబుచ్చుకుంది. కొడతాననుకుంది. దగ్గరికి వచ్చి, “అమ్మా, ఇంకొక్కటే పాట,” అంది.

పిల్ల దొరికింది. నేను వచ్చిన పని అయిపోయింది. అప్పుడే చెయ్యి పట్టుకుని తిరిగి రావాల్సింది. కానీ నేను, “పో, ఒక్కటే,” అన్నాను. ఒక మూసిన దుకాణం రేకు కింద నిలబడి చూశాను. ఒకటి కాదు, మూడు పాటలు అయ్యాయి. పాప కోసం బయటికి వచ్చిన మాట నిజం. ఆ మూడు పాటలసేపు నిలబడింది మాత్రం నా కోసం.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గోళీల కవరు. పాపను చూసింది, నన్ను చూసింది.

“ఎవరన్న చూసిండ్రా?”

“అందరు చూసిండ్రు అమ్మీ.”

ఆమె తిట్టలేదు. నీళ్లు ఇమ్మంది. తాగి గ్లాసు చేతిలోనే పట్టుకుంది. పాప లోపలికి పోయాక మెల్లగా మొదలుపెట్టింది. “నా ఇద్దత్‌ల నా కొడుకు ఐదేండ్లోడు. జరం అచ్చి కండ్లు పైకి బెట్టిండు. నేను పోవాలెనా, అద్దా అని మా మరిది కోసం కూసున్న. మరిది మాపటికి అచ్చిండు. అల్లా దయ, పిల్లగాడు బతికిండు. లేకపోతే?” గ్లాసు కింద పెట్టింది. “నువ్వు పోయినవు. మంచిగ జేసినవ్ బేటీ. నేను పోలే.”

మూడు పాటల సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.

ఆ రెండు రోజుల్లోనే మాట బంధువుల దాకా పోయింది. మా వాళ్లలో ఒక పెద్దామె వచ్చి, “బతుకమ్మ ఆట చూడనీకి పోయిందట గదా నీ కోడలు,” అంది. నేను లోపలి గదిలో ఉన్నాను. ఆమె అన్నది పూర్తిగా అబద్ధం కాదని నాకొక్కదానికే తెలుసు. అత్త మాత్రం, “పిల్ల కోసం పోయింది. నేను ఇంట్ల ఉంటే నేను పోయేదాన్ని. చాయ తాగుతవా?” అని ఊరుకుంది. ఆమె చాయ తాగి పోయింది.

దసరా రోజు సాయంత్రం మా ఆయనతో పనిచేసినవాళ్లు జమ్మి ఆకు పట్టుకుని వచ్చారు. ప్రతి ఏడూ ఆయన వాళ్లతోనే జమ్మికి పోయేవాడు. ఒకరికొకరు ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని, చొక్కా జేబు నిండా ఆకుతో ఇంటికి వచ్చేవాడు. ఇద్దత్ సంగతి వాళ్లకు తెలుసు. లోపలికి రాలేదు. నేను పరదా వెనక ఉన్నాను. కింద సందులోంచి నాకు వాళ్ల పాదాలే కనిపించాయి. గ్రీజు మరకలు పోని పాదాలు నాలుగు జతలు.

“అమ్మా, అన్న ఉంటే ఈయాల అందరికంటే ముందు ఆయనే అస్తుండె,” అన్నాడు ఒకతను.  అత్త ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి దువా చదివింది. వాళ్లు పోయాక పిడికిట్లో ఆకు నాకు చూపించింది. ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆయన టూల్ డబ్బా తెరిచి, పానాల మధ్య పెట్టింది.

దీపావళి దగ్గర పడుతుండగా సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు కానీ బస్సులు వచ్చాయి. మొదటి రోజే అమ్మ వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచే ఓపిక కూడా లేక నన్ను పట్టుకుని ఏడ్చింది. పిన్ని ఇంట్లో మూడు వారాలు ఒకే రెండు చీరలు ఉతుక్కుంటూ కట్టుకుందట. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. పాప బడికి పోయింది. అందరికీ తలుపులు తెరుచుకున్నాయి. నాకు ఇంకా నెలన్నర మిగిలి ఉంది. ఊరు ఆగినప్పటికంటే ఊరు కదిలాకే నాకు రోజులు బరువెక్కాయి.

చలికాలంలో ఒక రోజు ఇద్దత్ పూర్తయింది. అమ్మ నాకు కొత్త బట్టలు పెట్టింది. అత్త తలుపులు రెండూ బార్లా తీసి, “పా బేటీ, కోరుట్ల పోయి నాలుగు రోజులు ఉండి రా,” అంది. నాలుగు నెలలు ఆ మాట కోసమే రోజులు లెక్కపెట్టాను. తీరా వచ్చాక లేవాలనిపించలేదు. రేపు పోత అన్నాను. మర్నాడూ అదే అన్నాను. బయట నన్ను చూసేవాళ్లు, అయ్యో అనేవాళ్లు, పండుగకు పిలవాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ఉన్నారు. ఇంట్లో వాళ్లెవరూ లేరు.

ఐదో రోజు పొద్దున గోడ అవతలి నుంచి అక్క పిలిచింది. “చెల్లె, బీడీ ఆకుకు పోతున్న. వస్తవా?” ఆమె గొంతులో మొహమాటం ఇంకా ఉంది. నాలోనూ ఉంది. మేము ఈనాటికీ మాట్లాడుకుంటాం, పూల సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.  ఆ రోజు నేను లేచేదాకా ఆమె పోకుండా నిలబడింది. చివరికి చాట చంకన పెట్టుకుని బయలుదేరాను. కార్ఖానా దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం. ఆమె పాప చదువు గురించి అడిగింది. నేను చెప్పుకుంటూ నడిచాను.